చందానగర్ నడక పటానికి పేరు

పటం గీయడం నాకు వచ్చు. పేరు పెట్టడం రాదు. ఈ సంగతి తెలిసేసరికి, ఆఫీసులో నాకున్న ఒక్కగానొక్క నేస్తం నాతో మాట్లాడటం మానేసింది. ఓ రాత్రి మేమిద్దరం నడిచిన దారిని కాగితం మీద గీశాను. పైన పెట్టాల్సింది నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల కోసం మనిషిని పోగొట్టుకుంటానా అని నాకెంత ఉక్రోషం వచ్చిందో అంత భయమూ వేసింది.

అప్పట్లో నేను రాయదుర్గం దగ్గర ఓ ఆఫీసులో పనిచేసేదాన్ని. గుట్టలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్న కాలం. మధ్యాహ్నం బండలు పేలినప్పుడల్లా మా కిటికీలు గలగలమనేవి. నాది కర్నూలు జిల్లా కాబట్టి, ఆ చప్పుడు వినిపించగానే పక్క వరుసలోంచి ఎవరో ఒకరు, "ఏమ్మా, మీ ఊరు గుర్తొచ్చిందా?" అని అడిగేవారు. మొదట్లో మండిపడేదాన్ని. తర్వాత తర్వాత, "మా ఊర్లో ఇంత చిన్నవి పేల్చరు లేండి" అని నేనే ముందు అనేసి నవ్వడం నేర్చుకున్నాను.

మా పని వింటే బయటివాళ్లకు నవ్వొస్తుంది. ఎక్కడో పరాయి దేశంలో ఒక ఊరు. దాన్ని ఆకాశంలోంచి తీసిన ఫొటో తెర మీద ఉంటుంది. అందులో కనిపించే రోడ్లూ, నీటి పైపుల మూతలూ, కరెంటు స్తంభాలూ ఒక్కొక్కటే మౌసుతో గీసుకుంటూ పోవాలి. కనిపించిందే గీయాలి, ఊహించి గీయకూడదు. కదలకుండా ఉన్నదే గీయాలి. ఉందో లేదో ఖాయంగా తెలియని పైపును చుక్కల గీతగా చూపించాలి. మా పటాల్లో మనుషులుండరు. ఫొటోలో ఎవరైనా నడుస్తూ కనిపించినా, మచ్చను వదిలేసినట్టు వదిలేసి రోడ్డు గీసేవాళ్లం. ఇక పేరు మా చేతిలోది కాదు. పని పూర్తయి వెళ్లాక, డబ్బిచ్చేవాళ్లే తమకు నచ్చిన పేరు పైన వేసుకుంటారు. మూడేళ్లలో ఎన్ని పటాలు గీశానో లెక్క లేదు గానీ, ఒక్కదానికీ పేరు పెట్టింది లేదు.

నా పక్క సీటామె నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దది. సిద్దిపేట వైపు పల్లె వాళ్లది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఇద్దరం ఉండేది చందానగర్‌లోనే. తను భర్తతో, అత్తతో ఒక వీధిలో, నేను వెనక వీధిలో ఇద్దరమ్మాయిలతో కలిసి కిరాయి గదిలో. ఒకే క్యాబ్‌లో వచ్చి ఒకే క్యాబ్‌లో వెళ్లేవాళ్లం. ఆమె ఆఫీసులో మాట్లాడితే పుస్తకం చదివినట్టుండేది. "అయిపోయిందండి", "పంపించేశానండి". గొంతు ఎప్పుడూ పైకి లేచేది కాదు. నేను గట్టిగా నవ్వుతుంటే మోచేత్తో పొడిచేది. నేను చెప్పబోయే రాత్రికి ఆమె కాన్పు సెలవు అయిపోయి రెండు వారాలే అయింది. ఇంట్లో నెలల పాప. పాలపీక నోట్లో పెడితే ఉమ్మేసేది, తల్లి పాలు తప్ప ఇంకేదీ పట్టేది కాదు. అక్క ఇల్లు చేరేదాకా అత్తగారు ఎలాగో ఊరుకోబెట్టేది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మా క్యాంటీన్‌లో బల్లలు వేరయిపోయాయి. ఎవరూ ఎవరినీ లేచి పొమ్మనలేదు గానీ, కిటికీ పక్కన తెలంగాణ వాళ్లు, టీవీ కింద మిగతావాళ్లు అన్నట్టు తయారైంది. మేమిద్దరం మాత్రం నీళ్ల డ్రమ్ము పక్కన రెండు కుర్చీల బల్ల చూసుకున్నాం. మా మధ్య ఆ గొడవ లేదని నేను గొప్పగా చెప్పుకునేదాన్ని. నిజానికి గొడవ గురించి మాట్లాడేదాన్ని నేనే. ఆమె టిఫిన్ డబ్బా మూత తీస్తూ, మూస్తూ వినేది.

ఆ రోజు మాది మధ్యాహ్నం వెళ్లి రాత్రికి వచ్చే షిఫ్టు. బస్సులు అప్పటికే లేవు, సమ్మె నడుస్తోంది. చీకటి పడే వేళకు క్యాబ్ డ్రైవర్లు కూడా బంద్‌లో కలిశారని, మర్నాడు సాయంత్రం దాకా బండ్లు కదలవని కబురొచ్చింది. ఆడవాళ్లందరూ ట్రైనింగ్ గదిలో పడుకోవాలని, భోజనాలు తెప్పిస్తామని చెప్పారు. నాకైతే సంబరంగానే ఉంది. చాపలు పరుస్తున్నారు, ఎవరో పేకముక్కలు తెచ్చారు. అక్క మాత్రం బాత్రూంలోకి వెళ్లి ఫోన్ మాట్లాడుతోంది. చేతులు కడుక్కోవడానికి వెళ్లి విన్నాను.

"అత్తమ్మా, జర భుజమ్మీద ఏసుకొని తిప్పు. ఏడిస్తే ఏడ్వనీ, నేనస్తున్న. ఎట్లనన్న అస్త. నువ్వు పరేషాన్ గాకు."

అది ఎవరి గొంతో నాకు ఒక్క క్షణం తెలియలేదు. ఆ మాటల్లో పరుగుంది, కోపముంది, బతిమాలడముంది. పుస్తకం చదివినట్టుండే మనిషి కాదామె. ఫోన్ పెట్టేసి నన్ను చూడగానే, "పాప ఏడుస్తోందట. నేను నడిచి వెళ్లిపోతాను" అని మళ్లీ పుస్తకంలోకి వచ్చేసింది.

ఆమె భర్త జీడిమెట్లలో మందుల కంపెనీలో షిఫ్టు మీద ఇరుక్కుపోయాడు. తీసుకెళ్లడానికి ఎవరూ లేరు. ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతనికి మందుల షాపు దాకా అని చెప్పి ఇద్దరం బయటపడ్డాం.

రోజూ క్యాబ్‌లో కునుకు తీస్తూ వెళ్లే రోడ్డు అంత వెడల్పని నాకు ఆ రాత్రే తెలిసింది. కొత్తగూడ చౌరస్తాలో సిగ్నల్ లైటు ఎవరూ లేకపోయినా ఎరుపు, పచ్చ మారుతూ ఉంది. ఛాయ్ డబ్బా కొట్టుకు టార్పాలిన్ పట్టా కట్టేసి ఉంది. అక్క చున్నీ ఒంటికి గట్టిగా చుట్టుకుని, ఒక చెయ్యి ఛాతీకి అదిమిపెట్టి, నాకంటే రెండడుగులు ముందు నడుస్తోంది. నేను నోరు ఊరుకోక మొదలుపెట్టాను.

"ఈ బంద్‌లు ఎవురికి లాభం చెప్పక్కా? మన జీతం కోస్తారు, అంతే కదా. రాష్ట్రం వచ్చినా రాకపోయినా మనం ఆ పైపులే గీస్తాంటాం."

ఆమె అడుగులు ఇంకా పెద్దవి చేసింది. నాకు సమాధానం అక్కర్లేదు కూడా. తిట్టుకుంటూ నడిస్తే దూరం తెలియదు.

బొటానికల్ గార్డెన్ గోడ దగ్గర కుక్కలు వెంటపడ్డాయి. రాయి తీసినట్టు వంగితే ఆగాయి. ఆ గోడ చివర ఒక లారీ ఆపి ఉంది, కంకర లోడుతో. అక్క అక్కడ ఆగిపోయింది. గోడకు నుదురు ఆనించి కాసేపు నిలబడింది.

"ఏమైందక్కా?"

"కొంచెం ఆగు. నేను లారీ వెనక్కి వెళ్తాను. నువ్వు రోడ్డు వైపు చూస్తూ ఉండు. ఎవరైనా వస్తే చెప్పు."

నేను లారీ ముందుకొచ్చి నిలబడ్డాను. వెనక నుంచి ఊపిరి బిగబట్టిన చప్పుడు, ఒకసారి "అమ్మా" అనడం వినిపించాయి. మధ్యాహ్నం పాపకు పాలిచ్చి వచ్చిన మనిషి. ఎప్పుడూ సాయంత్రం విరామంలో బాత్రూంలో పాలు పిండేసుకునేది, ఆ రోజు కంగారులో అదీ చేయలేదు. రొమ్ములు గడ్డకట్టి నొప్పితో నడవలేకపోతోందని నాకు అర్థమైంది. పెళ్లికాని దాన్ని, ఏం మాట్లాడాలో తెలియలేదు. లారీ నంబరు పలక మీద నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను. ఆమె వచ్చి చున్నీ సర్దుకుని, "వెళ్దాం" అంది.

కొండాపూర్ దాటాం. హఫీజ్‌పేట్ రైలు బ్రిడ్జి ఎక్కేసరికి నా చెప్పు తెగింది. చేత్తో పట్టుకుని నడిచాను. బ్రిడ్జి దిగి ముంబై హైవేలో కలిసే చోట దూరం నుంచే మంటలు కనిపించాయి. బస్సేదో తగలబెట్టారనుకున్నాను. దగ్గరికి వెళ్తే అవి పొయ్యిలు. వంటావార్పు. రోడ్డు మధ్యలో రాళ్లు పెట్టి, గుండిగలెక్కించి, పొద్దుటి నుంచీ అక్కడే వండుకుని, అక్కడే తిని, అక్కడే కూర్చున్నారు. షామియానా కింద కొందరు నిద్రపోతున్నారు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు, మెడలో కండువాలతో, లేచి మా వైపు వచ్చారు.

"ఎవలమ్మా? ఇంత రాత్రి ఎటు వోతున్రు?"

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి నలిపేసినట్టు పట్టుకుంది.

"చందానగర్ అన్నా. ఇంట్ల పసిపిల్ల ఉన్నది. ఈమె మా చెల్లె. మాట రాదు."

వాళ్లు అయ్యో అన్నట్టు నా వైపు చూశారు. పొయ్యి దగ్గరున్న పెద్దామె గరిట పట్టుకునే లేచి వచ్చింది.

"గట్లనే నడిచొచ్చిన్రా? ఇంత తినిపోండ్రి బిడ్డా. బంద్ బస్సులకు గని, కడుపులకు గాదు."

అక్క వద్దంది. ఆమె వింటేనా. నా చేతిలో విస్తరాకు పెట్టి, అన్నం మీద పప్పుచారు పోస్తూ, నాకు మాట రాదంటే చెవులు కూడా వినపడవనుకుందేమో, చెవి దగ్గర నోరు పెట్టి, "ఇంకింత ఎయ్యాల్నా?" అని అరిచింది. చాలు అనబోయాను. అక్క నా కాలు తొక్కింది, అదీ చెప్పు లేని కాలు. నేను తల అడ్డంగా ఊపితే ఆమె నిలువుగా అనుకుని ఇంకో గరిట పోసింది. ఆకలి మీదున్నాను, తినేశాను. ఆ పప్పుచారు రుచి ఇప్పటికీ చెప్పగలను, చింతపండు కొంచెం ఎక్కువైంది. ఈలోగా పెద్దామె అక్కను పక్కకు తీసుకెళ్లి, తన భుజం మీది తువ్వాలు తీసి ఆమె ఒంటి చుట్టూ కప్పింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.

మియాపూర్ దాటే దాకా నేను మాట్లాడలేదు. దాటాక కూడా మాట్లాడలేదు, కోపంతో. నన్ను మూగదాన్ని చేసింది. నా యాస వింటే వాళ్లు నన్నేదో చేస్తారని ఆమెకు భయమన్నమాట. లేదా నేను పక్కనుండటం నామోషీ అన్నమాట. రెండింటిలో ఏదైనా నాకు నొప్పిగానే ఉంది. చందానగర్ మార్కెట్లో కూరగాయల బండ్లన్నీ గోనెలు కప్పి ఉన్నాయి. వాళ్ల గుమ్మం దగ్గర లైటు వెలుగుతోంది. అత్తగారు తలుపు తీసింది. లోపల ఏడుపు లేదు. అక్క చెప్పులైనా విప్పకుండా లోపలికి పరిగెత్తింది. నేను వెనక వీధికి, నా గదికి వెళ్లిపోయాను.

మళ్లీ ఆఫీసుకు వెళ్లిన రోజు క్యాబ్‌లో, "పాప బాగుందా?" అని అడిగాను. "బాగుంది" అంది. ఆ ముక్క చాలు నాకు. కోపం కూడా దిగిపోయింది. క్యాంటీన్‌లో కథ చెప్పేశాను. ఎలా నడిచామో, కుక్కలు ఎలా వెంటపడ్డాయో, చివరికి పాప కడుపు ఎలా నిండిందో. చేతులూపుతూ చెప్పేదాన్ని. అక్క పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా మూత తిప్పుతూ ఉండేది.

కొన్ని నెలలకు ఆఫీసు వార్షికోత్సవం వచ్చింది. ఈసారి పాటలు, డాన్సులతో పాటు ఒక పోటీ పెట్టారు. ప్రతి ఒక్కరూ తాము నడిచిన ఏదో ఒక దారిని చేత్తో, కాగితం మీద గీసి తేవాలి. గోడకు అంటిస్తారు. పేరు తప్పనిసరి, ఏ భాషలోనైనా సరే. పేరు లేని పటం గోడ ఎక్కదు. గీసినవాళ్లు దాని పక్కన నిలబడి చెప్పాలి.

నేనింక ఆలోచించలేదు. ఆ రాత్రి దారినే గీశాను. బాగా కుదిరింది, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. సిగ్నల్ లైటు, పట్టా కట్టిన ఛాయ్ డబ్బా, గార్డెన్ గోడ, కుక్కలు ఆగిన చోట, లారీ, నా చెప్పు తెగిన బ్రిడ్జి, పొయ్యిలు. హైవే మీద పొయ్యిల నుంచి చందానగర్ దాకా దారిని చుక్కల గీతగా వేశాను. అక్కడ నుంచి నేను మాట్లాడలేదు కదా. చుక్కల గీత వేశాక పేరు దానంతటదే వచ్చినట్టనిపించింది. "నోరు మూసుకుని నడిచిన దారి."

క్యాంటీన్‌లో పరిస్తే టీవీ కింద బల్లవాళ్లు చూసి చప్పట్లు కొట్టారు. "అదిరింది. వాళ్లకు బాగా తగిలేలా పెట్టావ్" అన్నాడొకడు. నేను ఎవరికీ తగిలేలా పెట్టలేదని చెప్పబోయేలోగా కిటికీ పక్క బల్లలోంచి ఒకావిడ లేచి వచ్చింది. చదివింది. "అన్నం పెట్టినోళ్లకు మంచి పేరే పెట్టినవు" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత అక్క వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. వెళ్లి తన సీట్లో కూర్చుంది. ఆ సాయంత్రం క్యాబ్‌లో ముందు సీటు ఎక్కింది. మర్నాడు నీళ్ల డ్రమ్ము పక్క బల్ల దగ్గరికి రాలేదు.

పేరు కొట్టేశాను. వేరేది పెడితే సరిపోతుందనుకున్నాను. "రాయదుర్గం నుంచి చందానగర్ దాకా" అని రాస్తే బస్సు బోర్డులా ఉంది. "బంద్ రాత్రి" అంటే పేపర్లో వార్తలా ఉంది. "ఇద్దరు ఆడవాళ్లు, ఒక రోడ్డు" అని రాసి నాకు నేనే నవ్వుకున్నాను, వారపత్రిక సీరియల్‌కు పనికొస్తుంది. కనపడినవాళ్లందరినీ అడిగాను. మా గదిలో అమ్మాయిలు కూడా తలో పేరు చెప్పారు. ఏ పేరు పెట్టినా అక్క ముఖం కళ్ల ముందుకు వచ్చేది. ఆ ముఖం మళ్లీ నా వైపు తిరగాలంటే ఏ నాలుగు మాటలు కావాలో నాకు తోచలేదు. క్యాబ్‌లో ఆమె వెనక సీట్లో కూర్చుని ఆమె జడను చూస్తూ ఇంటికి రావడం చాలా కష్టంగా ఉండేది.

ఆదివారం పటం చుట్టి చంకలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అత్తగారు బయట బియ్యం ఏరుతోంది. పాప చీర తొట్టెలో నిద్రపోతోంది. అక్క నన్ను చూసి కూర్చోమని కూడా అనలేదు. నేనే కూర్చుని పటం నేల మీద పరిచాను.

"పేరు కొట్టేసినాలే అక్కా. నువ్వు ఏం పెట్టమంటే అది పెడతా. కానీ ఒక్క మాట చెప్పు. నన్ను మూగదాన్ని ఎందుకు చేసినావు? మా యాస వింటే వాళ్లు నన్ను కొడతారనుకున్నావా?"

ఆమె తొట్టె తాడు వదిలిపెట్టింది.

"నిన్నెవ్వలు ఏమనకపోదురు. నువ్వే ఏమన్న అంటవని భయమైంది. తొవ్వ పొడుగుత తిట్టుకుంటనే అస్తివి గద. గా పెద్దమ్మ ముంగట గూడ గట్లనే అంటివంటే నాకు తల ఏడ వెట్టుకోవాలె?"

ఆమె నాతో ఆ భాషలో మాట్లాడటం అదే మొదటిసారి.

"నువ్వు ఒక్క చౌరస్తల నోరు మూసుకున్నవు. గంతకే చుక్కలు వెట్టి పటమే గీసినవు. నేను ఆఫీసుల మూడేండ్ల సంది మూసుకునే ఉన్న, అండి అండి అనుకుంట, నవ్వుతరని. సరే, గది ఇడిశిపెట్టు. ఇండ్ల నేనేడున్న?"

"ఏందక్కా?"

"ఈ పటంల. నేనేడున్న? నీ చెప్పు తెగిన కాడ గుర్తు వెట్టినవు. కుక్కలు ఆగిన కాడ వెట్టినవు." ఆమె వేలు గార్డెన్ గోడ చివర ఆగింది. "లారీ గీసినవు. లారీ ఎనక ఏముండె?"

నేను తల దించుకుని, "అది ఎట్ల గీస్తారక్కా? నీకు సిగ్గుగా ఉంటుందని వదిలేసినా" అన్నాను.

"సిగ్గు నీకు. నాకేం సిగ్గు? బిడ్డ తాగాల్సిన పాలు నేల మీద పోసుకున్న. గాడ నా పానం ఎట్ల కొట్టుకున్నదో నీకెర్కనా? నువ్వు నాకు తోడొచ్చినవు, కాదంటలే. గని గా నడక నాది. పేరు మాత్రం నీ నోరుకు వెట్టుకున్నవు."

తొట్టెలో పాప కదిలింది. ఆమె తాడు అందుకుని ఊపింది. బయట అత్తగారి చేటలో బియ్యం చప్పుడవుతోంది. మూడేళ్లుగా మనుషుల్ని వదిలేసి రోడ్లు గీసిన చెయ్యి నాది. ఆ అలవాటు నాకు అంత లోపల దిగిపోయిందని తెలిసి ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆమె ఊరుకోమనలేదు. కాసేపటికి పెన్సిల్ ఇమ్మని చెయ్యి చాపింది. లారీ పక్కన చిన్న సున్నా చుట్టింది. పైన, నేను కొట్టేసిన పేరు కింద, నెమ్మదిగా రాసింది.

"బిడ్డ పాలకు నడిచిన తొవ్వ."

"నువ్వే నిలబడి చెప్పాల మరి" అన్నాను. చాలాసేపు తొట్టె ఊపాక, సరేనంది.

వార్షికోత్సవం నాడు మా టీమ్ లీడర్ గోడలన్నీ తిరిగి చూస్తూ మా పటం దగ్గర ఆగాడు. గుంటూరు వైపాయన, మంచివాడే, ఎవరినీ పరుషంగా ఒక మాట అనేవాడు కాదు. "బాగుందమ్మా. కాకపోతే పెద్దవాళ్లు కూడా వస్తారు కదా, ఈ పాలూ అవీ ఎందుకు? 'ఒక తల్లి ప్రయాణం' అని పెట్టుకుంటే చక్కగా ఉంటుంది" అన్నాడు. అక్క వద్దండి అని మాత్రం అంది. ఆ 'అండి' విని నాకు భయమేసింది, మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయిందేమోనని.

అందరూ చుట్టూ చేరారు. కిటికీ పక్క బల్లవాళ్లు, టీవీ కింద బల్లవాళ్లు, గ్లాసులు పట్టుకుని. అక్క పటం పక్కన నిలబడింది. ఒకసారి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"గా రోజు బండ్లు బందైనయ్. ఇంట్ల మా బిడ్డ ఏడుస్తున్నదని మా అత్తమ్మ ఫోన్ జేసింది..."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. టీమ్ లీడర్ చిరునవ్వుతోనే, "అందరికీ అర్థమయ్యేలా కాస్త మామూలు తెలుగులో చెప్పమ్మా" అన్నాడు.

ఆమె ఆయన వైపు తిరిగింది. "నా మామూలు తెలుగు ఇదే సార్. ఇన్నేండ్లు మీతోని మాట్లాడిందే వేరేది."

ఆయన చెప్పమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె చెప్పింది. సిగ్నల్ లైటు, కుక్కలు, లారీ. లారీ వెనక ఏం చేసిందో కూడా చెప్పింది, తల దించకుండా. పెద్దామె తువ్వాలు ఎందుకు కప్పిందో నాకు అప్పుడు తెలిసింది. అక్క బట్టలు ముందు వైపంతా తడిసిపోయి ఉన్నాయట, గాలి తగిలితే జ్వరమొస్తుందని తన భుజం మీదిది తీసి చుట్టిందట. నవ్విన మనిషి కూడా వింటున్నాడు.

ఆమె వేలు చందానగర్‌లో నేను గీసిన ఇంటి గుర్తు దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడితో అయిపోయిందనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. మా వరుసలో కూర్చునే ఒకమ్మాయి, తనకూ చిన్న బాబు ఉన్నాడు, ఆత్రంగా అడిగింది.

"పాప తాగిందా మరి?"

తాగిందని నేను చెప్పబోయాను. ఎన్నిసార్లు చెప్పిన కథ నాకది. అక్క నాకంటే ముందే మాట్లాడింది.

"తాగలే. మేం పోయేసరికి మా అత్తమ్మ ఏం జెయ్యాలె, ఏడ్చి ఏడ్చి సోలిపోతున్నదని గంజినీళ్లు తాపి పండవెట్టింది. నేను లేపిన. ఎత్తుకున్న. మొఖం అటు తిప్పుకున్నది. తెల్లారి గూడ గంతే. ఇగ అప్పటిసంది నా దగ్గర తాగనేలే." నా వైపు చూసింది, కోపం లేదు. "ఈ పిల్లకు గూడ తెల్వదు. తలుపు కాడికే వచ్చింది గద."

ఎన్నాళ్లు, ఎంతమంది ముందు, చేతులూపుకుంటూ ఆ పాప కడుపు నింపాను నేను. అడిగిన అమ్మాయి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. టీమ్ లీడర్ పటం మీది పేరును మళ్లీ చదివాడు. ఈసారి చాలా మెత్తగా అడిగాడు.

"మరి ఈ పేరే ఎందుకు పెట్టావమ్మా?"

"నడిచింది గందుకే గద సార్" అంది అక్క.